‘అంతా మన మంచికే’ అనమంటారా?

పెద్దల పేజీ: పాఠకుల ప్రశ్నలు

ఈసారి ఉత్తరాలన్నీ విజయవాడ, గుంటూరు నుంచే. జవాబులు వృద్ధుల వైద్యం, మనస్తత్వశాస్త్రం, ఫిజియోథెరపీ తెలిసిన మా సలహా బృందానివి. రాసినవారి పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: నాకు 68 ఏళ్ళు. విజయవాడ సింగ్‌నగర్‌లో కింద వాటా మాది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు నడుముదాకా నీళ్ళొచ్చాయి. నాలుగు రోజులు పై వాటావాళ్ళ ఇంట్లో తలదాచుకున్నాం. బీరువా, కుట్టుమిషను, పెళ్ళి ఫొటోలు అన్నీ పోయాయి. సంక్రాంతి వెళ్ళాక మావారూ పోయారు. బ్యాంకు గడప తొక్కనిదాన్ని ఇప్పుడు అన్నీ నేనే చూసుకుంటున్నాను. ‘ఎంత గట్టిపడ్డావో’ అంటారందరూ. కానీ వాన చప్పుడు వింటే గుండె దడదడలాడుతుంది. అర్ధరాత్రి లేచి గుమ్మం దగ్గర నీళ్ళున్నాయేమోనని తడిమి చూస్తాను. మా పుట్టిల్లు అవనిగడ్డ వైపు. 1977 దివిసీమ ఉప్పెన కూడా చూశాను, అప్పుడింత భయం లేదు. నేను గట్టిపడ్డట్టా, రాయినైపోయినట్టా, పిచ్చిదాన్నవుతున్నానా?

జవాబు: పిచ్చి కాదమ్మా, ఆ మాట ముందే చెప్పేస్తాం. మిగతా రెండింటిలో ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన పనీ లేదు. కష్టం తర్వాత మనిషిలో వచ్చే ఎదుగుదలను 1990లలో అమెరికా మనస్తత్వవేత్తలు రిచర్డ్ టెడెస్కీ, లారెన్స్ కల్హూన్ పరిశీలించారు. వాళ్ళు గట్టిగా చెప్పింది, జనం తరచూ మరిచిపోయేది ఒకటుంది. ఆ ఎదుగుదల కష్టం వల్ల రాదు, కష్టంతో మనిషి పడే పెనుగులాటలోంచి వస్తుంది. అది వచ్చాక కూడా బాధ పక్కనే ఉంటుంది. బ్యాంకులో ఫారం నింపి ఇంటికొచ్చి ఏడిస్తే, నింపిన ఫారం అబద్ధమైపోదు.

77కీ ఇప్పటికీ తేడా మీ ధైర్యంలో లేదు. అప్పుడు మీకు 20 ఏళ్ళు, ఊరంతా ఒకే కష్టంలో ఉంది, రాత్రి పక్కన పదిమంది ఉన్నారు. ఇప్పుడు గుమ్మం తడుముతున్నది మీరొక్కరే. ఒక కాగితం మీద ‘అప్పుడు మొదటి నెలలో నేను చేసిన పనులు’ అని మూడు రాయండి. ఎవరింటికి వెళ్ళారు, ఏ పని అందుకున్నారు, ఎవరు అన్నం పెట్టారు. ఆ మూడింటిలో ఒకటైనా ఇప్పుడూ చేయగలిగేది దొరుకుతుంది.

ఇక వాన భయం. ముందు ఒక ఈసీజీ తీయించుకోండి. ఈ వయసులో కొత్తగా వచ్చిన దడను మనసు మీదికి తోసేయకూడదు. గుండె బాగుందని తేలాక మెట్లుమెట్లుగా వెళ్ళాలి. మొదటి మెట్టు: పట్టపగలు, ఎవరైనా పక్కనుండగా, ఫోనులో వాన చప్పుడు చిన్నగా పెట్టుకుని కూర్చోండి. భయానికి సున్నా నుంచి పదిదాకా మార్కు వేయండి. ఏడు ఉంటే అది మూడు, నాలుగుకి దిగేదాకా అక్కడే కూర్చోవాలి. ఏడు మీదుండగా కట్టేసి లేచిపోతే, ‘పారిపోతేనే బతికాను’ అన్న పాఠమే ఒంటికి పడుతుంది. చాలామందికి ఈ పద్ధతి బెడిసికొట్టేది ఇక్కడే. వారానికి నాలుగైదుసార్లు చేయండి. మార్కు రెండు దాటని రోజు వచ్చాక రెండో మెట్టు, చినుకుల్లో వరండాలో కూర్చోవడం. ఆ తర్వాత ఎండ కాసే రోజున తోడు తీసుకుని బుడమేరు వంతెన దాకా నడక. వానరాత్రి టీవీ వార్తల ముందు కూర్చోవడం మాత్రం మానేయండి. ప్రకాశం బ్యారేజీకి ఎన్ని లక్షల క్యూసెక్కులొచ్చాయో గంటగంటకీ వింటే మార్కు దిగనే దిగదు.

భయంలో నిజమైన వంతు కూడా ఉంది. దానికి విరుగుడు ఒక సంచి. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో ఏడు రోజుల మాత్రలు, డాక్టరు చీటీ, ఆధార్, పాసుపుస్తకం, పాత కళ్ళజోడు, టార్చి, పవర్‌బ్యాంకు పెట్టి, డబ్బాను సంచిలో వేసి అటక మీద ఉంచండి. మాత్రల గడువు, పవర్‌బ్యాంకు చార్జింగు చూడటం జనం మరిచిపోతారు. పింఛను వచ్చే ఒకటో తారీఖున చూస్తానని పెట్టుకుంటే మరుపు రాదు. నీళ్ళొస్తే ఎవరి మేడ మీదికి వెళ్ళాలో వాళ్ళతో ఇప్పుడే మాట్లాడుకోండి. అర్ధరాత్రి మెలకువ వస్తే గుమ్మం తడమడానికి బదులు, సంచి అటక మీద ఉందని గుర్తు చేసుకోండి. మొదట్లో చాలదు. నెల గడిచేసరికి చాలామందికి చాలుతుంది.

ఫొటోల గురించి ఒక మాట. మీ పెళ్ళి ఫొటోలు మీ ఒక్క ఇంట్లోనే లేవు. ఆడపడుచుల ఆల్బముల్లో, తోడికోడలి ట్రంకుపెట్టెలో, పెళ్ళికొచ్చిన బంధువుల ఇళ్ళలో ఉంటాయి. వారానికి ఒకరికి ఫోను చేసి, ఉన్నవి ఫోనుతో తీసి పంపమనండి. దొరికిన ఫొటోకన్నా ఆ ఫోనులో మీ వారి గురించి వాళ్ళు చెప్పే మాటే ఎక్కువ విలువైనదవుతుంది.

పీడకలలు, ఆ వీధికే వెళ్ళలేకపోవడం, నిద్ర లేకపోవడం నెల దాటి అలాగే ఉంటే ఇంటి ఉపాయాలతో ఆగకండి. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు రెండింటిలోనూ మానసిక వైద్య విభాగం ఉంది. ఇంటి నుంచే మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలీమానస్ 14416, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: మా నాన్నగారికి 74, రిటైరైన టీచరు, గుంటూరు బ్రాడీపేటలో ఒక్కరే ఉంటారు. అమ్మ పోయి ఐదు నెలలైంది. నేను హైదరాబాదు నుంచి రోజూ పొద్దున్నే మంచి మాటల వీడియోలు పంపుతాను. ‘అంతా మన మంచికే నాన్నా’ అంటాను. ఆయన రానురాను మాట తగ్గించేశారు. కడుపులో మంట, ఆకలి లేదు అంటారు. చొక్కాలు వదులైపోయాయి. ఏం చేస్తే ఆయన పాజిటివ్‌గా మారతారు?

జవాబు: వీడియోలు ఈరోజే ఆపేయండి. ‘అంతా మన మంచికే’ అనే హక్కు పోగొట్టుకున్నవారికి మాత్రమే ఉంది. అదీ వాళ్ళకు తోచినప్పుడు. ఎదుటివాళ్ళు అంటే ‘నీ ఏడుపు నా దగ్గర వద్దు’ అన్నట్టు చెవిన పడుతుంది. మీ నాన్నగారు మాట తగ్గించింది బహుశా అందుకే.

అయితే ముందు చూడాల్సింది ఒళ్ళు. పెద్దవాళ్ళలో కుంగుబాటు చాలాసార్లు ‘దిగులుగా ఉంది’ అన్న మాటతో రాదు. కడుపులో మంట, ఒళ్ళునొప్పులు, తేన్పులు, మతిమరుపు, ఇలాంటి వేషాల్లో వస్తుంది. మళ్ళీ అవే లక్షణాలు నిజమైన జబ్బువీ కావచ్చు. హిమోగ్లోబిన్, షుగరు, థైరాయిడ్, బి12, సోడియం, క్రియాటినిన్ పరీక్షలు చేయించండి. ఏళ్ళ తరబడి షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ వాడేవారికి బి12 తగ్గవచ్చు. బీపీకి నీళ్ళమాత్ర (మూత్రం ఎక్కువ పోయించేది) వేసుకునేవారికి సోడియం తగ్గి, మందకొడితనం రావచ్చు. దాన్ని ఇంట్లోవాళ్ళు బెంగ అనుకుంటారు. బరువు కాటా మీద చూసి రాసిపెట్టండి, చొక్కా లెక్క చాలదు.

మందుల డబ్బా కూడా ఒకసారి వెతకండి. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న, ఆందోళనకూ నిద్రకూ వాడే ఆల్‌ప్రజోలం ఉందేమో. ఈ వయసులో అది తూలి పడేలా చేస్తుంది, జ్ఞాపకాన్ని మసక చేస్తుంది. చాలాకాలంగా వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. డాక్టరు కుంగుబాటుకు మందు రాస్తే నాలుగు నుంచి ఆరు వారాలకుగాని గుణం తెలియదు. పది రోజులకే ‘పనిచేయలేదు’ అని మానేయడం మామూలుగా జరిగే తప్పు. ఈ మందుల్లో కొన్ని కూడా సోడియం తగ్గిస్తాయి, ముఖ్యంగా నీళ్ళమాత్రతో కలిసినప్పుడు. మొదలుపెట్టిన రెండు వారాలకు మళ్ళీ ఒక రక్తపరీక్ష అడగండి.

ఇక మాటలు. ఫోను చేసి ‘ఎలా ఉన్నావు నాన్నా’ అంటే ‘బానే ఉన్నా’ తప్ప రాదు. ‘అమ్మ పచ్చిపులుసులో బెల్లం వేసేదా?’ అని అడగండి. అమ్మ ప్రస్తావన తేకుండా కాపాడుతున్నామనుకోవడం పొరపాటు, ఆయన తలలో ఆవిడ ఎలాగూ ఉన్నారు. దుఃఖం గురించి నెదర్లాండ్స్‌లో పనిచేసే స్ట్రోబె, షట్ అనే పరిశోధకులు 1999లో చెప్పినది మాకు పనికొచ్చే నమూనా. మనిషి కాసేపు పోయినదాని వైపు, కాసేపు బతుకు వైపు ఊగుతూ ఉండాలి. రోజంతా ఒకే వైపుండిపోతే చిక్కు. మీ నాన్నగారికి రెండు వైపులా చోటు పెట్టండి. సాయంత్రం అరగంట అమ్మ వస్తువులు సర్దడం, పొద్దున ఒక కచ్చితమైన పని. టీచరుగారు కదా, పక్క వాటాలో ఏడో తరగతి కుర్రాడికి వారానికి మూడు రోజులు లెక్కలు. ‘మీకు కాలక్షేపం’ అని ఇవ్వకండి. ఆ కుర్రాడికి అవసరమని ఇవ్వండి, అవసరం నిజంగా ఉండాలి కూడా.

ఐదు నెలలకు దుఃఖం ఉండటం జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణలో ‘తీరని దుఃఖం’ అన్న మాట ఆరు నెలలు దాటాకే వస్తుంది. అమెరికా వైద్యుల వర్గీకరణ ఏడాది ఆగమంటుంది. కానీ రెండు వారాలుగా తిండి, నిద్ర, ఆసక్తి మూడూ పోయి ఉంటే అది దుఃఖం దాటి కుంగుబాటు కావచ్చు. నెలల లెక్క చూడకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఒక ప్రశ్న సూటిగా అడగండి: ‘చచ్చిపోతే బాగుండనిపిస్తోందా నాన్నా?’ అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఉన్నది బయటికొస్తుంది. అవునంటే ఆ రాత్రి ఆయన్ను ఒంటరిగా ఉంచకండి. ఇంట్లో మాత్రల నిల్వ, పురుగుమందు ఉంటే తీసేయండి. 14416కి ఫోను చేసి, మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. హైదరాబాదు నుంచి బయల్దేరడానికి అంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు.

ప్రశ్న: లెక్చరరుగా చేసి రిటైరయ్యాను, పాఠం గణాంకశాస్త్రం. ‘కష్టంలో ఎదిగారా’ అని మార్కులు వేసే ప్రశ్నావళి ఒకటి ఉందట. ఇది శాస్త్రమా, ఓదార్పా? (గవర్నరుపేట, విజయవాడ)

జవాబు: ఉంది మాష్టారూ. 1996లో వచ్చింది. 21 వాక్యాలు, ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు, మొత్తం 105. మనుషులతో దగ్గరితనం, కొత్త దారులు, సొంత బలం, ఆధ్యాత్మిక మార్పు, బతుకు విలువ తెలియడం అని ఐదు గదులు. మీ అనుమానం సరైనదే. ‘అప్పటికన్నా మారానా’ అని మనిషి తనే తలచుకుని వేసుకునే మార్కు అది, అప్పటిది ఎవరూ కొలిచి ఉంచలేదు. కష్టానికి ముందూ తర్వాతా కొలిచిన అధ్యయనంలో, జనం అనుకున్న మార్పూ నిజంగా వచ్చిన మార్పూ అంతగా కలవలేదు. అందుకని ఆ మార్కుతో ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వలేం. మా మటుకు మేం ఆ ఐదు గదులనూ సంభాషణ మొదలుపెట్టడానికి వాడతాం. ‘ఈ ఏడాదిలో ఎవరికి దగ్గరయ్యారు?’ అన్న ప్రశ్నకు మార్కు కన్నా జవాబు ముఖ్యం. ఐదూ నిండాలన్న పట్టింపు పనికిరాదు. ఏదీ నిండకపోయినా అది తప్పిన పరీక్ష కాదు.

ప్రశ్న: నాకు 72. బాత్‌రూములో జారి తుంటి విరిగి ఆపరేషనై ఏడు నెలలు. గుంటూరు కొత్తపేటలో మా ఇంట్లో ఏటా యాభై కాయల ఆవకాయ నా చేతిమీదే పెట్టేదాన్ని, పిల్లలకీ వియ్యాలవారికీ జాడీలు వెళ్ళేవి. ఈ ఏడు కోడలు పెట్టింది. పీట మీద కూర్చోవద్దంటారు, బరువెత్తొద్దంటారు, ‘మీరు కూర్చోండి అత్తయ్యా’ అంటారు. ఊరికే కూర్చోవడానికా బతికింది?

జవాబు: మీ కోడలిది ప్రేమే, కానీ ప్రేమతోనే ఒంట్లో కండ కరిగిపోతుంది. ముందు ఒళ్ళు చూద్దాం. గోడకు ఆనించిన, చేతులున్న కుర్చీ తీసుకోండి. కుర్చీ ఎత్తు మీ మోకాలి ఎత్తుకు తగ్గకూడదు. పక్కన మనిషిని పెట్టుకుని, చేతులు గుండెల మీద కట్టుకుని, అరనిమిషంలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. 70 నుంచి 74 ఏళ్ళ ఆడవాళ్ళకు పదికి తగ్గితే పడే ముప్పు ఎక్కువని లెక్క. చేతులు పట్టుకోకుండా లేవలేకపోతే అది సున్నా, సిగ్గుపడాల్సింది లేదు, అక్కడినుంచే మొదలు. పూటకు ఐదారుసార్లు చేతుల ఆసరాతో, రెండు వారాలయ్యాక ఒక చేయి, ఆ తర్వాత చేతులు లేకుండా. వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడటం వారానికి మూడు రోజులు. తుంటికి కొత్త కీలు వేసి ఉంటే మాత్రం నేల మీద కూర్చోవడం, కాలు మీద కాలు వేయడం, మోకాలు నడుం ఎత్తు దాటేలా వంగడం సంగతి సర్జన్‌నే అడగాలి. అలాగే, విరిగిన ఎముకను బాగు చేశారు సరే, మిగతా ఎముకల సంగతి ఎవరైనా చూశారా? ఎముక సాంద్రత పరీక్ష, దానికి మందు గురించి అడగండి. చాలా ఇళ్ళలో ఇది అడగకుండానే ఉండిపోతుంది, రెండో తుంటి విరిగాక గుర్తొస్తుంది.

తిండిలో మాంసకృత్తులు కిలో బరువుకు గ్రాము నుంచి 1.2 గ్రాములు కావాలి. 55 కిలోల మనిషికి 55 నుంచి 66 గ్రాములు. కోడిగుడ్డులో ఆరు, గ్లాసు పాలలో ఆరేడు, కప్పు ముద్దపప్పులో ఏడెనిమిది. చారన్నం, మజ్జిగన్నంతో ఇది పూడదు. కిడ్నీ జబ్బుంటే ఈ లెక్క డాక్టరు చెప్పాలి.

ఇప్పుడు ఆవకాయ. జర్మనీకి చెందిన బాల్టెస్ దంపతులు ముసలితనం గురించి చెప్పినది ఒకటుంది: తక్కువ ఎంచుకో, ఎంచుకున్నది బాగా చెయ్, పోయినదానికి బదులు వెతుక్కో. వాళ్ళు చూపిన ఉదాహరణ ఆర్థర్ రూబిన్‌స్టీన్ అనే పియానో విద్వాంసుడు. ఎనభై ఏళ్ళ వయసులో ఆయన తక్కువ రచనలే వాయించేవాడు, వాటినే ఎక్కువ సాధన చేసేవాడు. వేగంగా వాయించాల్సిన చోటికి ముందు కాస్త నెమ్మదించేవాడు, దాంతో తర్వాతది వేగంగానే వినిపించేది. మీకు అదే లెక్క. యాభై కాయలు వద్దు, పది. ముక్కలు బజార్లోనే కొట్టించండి, కత్తిపీట పని వద్దు. జీడి తీయడం, తుడవడం కుర్చీలో కూర్చుని బల్ల మీద చేయొచ్చు. నూనె డబ్బా ఎత్తడం, జాడీ దింపడం కోడలివి. కొలత మాత్రం మీది. నాలుగు గిన్నెల ముక్కలకు గిన్నె కారం, గిన్నె ఆవపిండి, ముప్పావు గిన్నె ఉప్పు, ఇది అందరికీ తెలిసిన లెక్క. మీ చేతిలో ఉన్నది దాని పైది. కారం ఘాటును బట్టి ఎంత తగ్గించాలి, ముక్క పుల్లగా లేకపోతే ఏం చేయాలి, మూడో రోజు తిరగకలిపినప్పుడు నూనె తేలకపోతే ఎంత పోయాలి. ఇవి కోడలికి నోటితో చెప్పి, చేయించి, రుచి చూసి తప్పొప్పులు చెప్పండి. పెత్తనంగా మారుతుందన్న భయముంటే, ఒక జాడీ పూర్తిగా ఆమె లెక్కన పెట్టనిచ్చి, రెంటినీ వియ్యాలవారికి పంపండి. ఎవరిది బాగుందని అడగకుండా ఉండటం మాత్రం మీ వల్లయ్యే పని కాదేమో. (బీపీ ఉంటే ఒక్క ముక్కతో సరిపెట్టుకోండి అనడం మా బాధ్యత. ఎవరూ వినరని తెలుసు.)

ప్రశ్న: వాకింగు మిత్రులు ముప్పైమంది ఉండేవారు, ఇప్పుడు ముగ్గురే మిగిలారు. ఒంటరివాణ్ణయిపోతున్నానా? (విజయవాడ)

జవాబు: ముగ్గురూ మనసుకు దగ్గరివారైతే చాలు. వయసు పెరిగేకొద్దీ మనిషి పరిచయాలు తగ్గించుకుని దగ్గరివాళ్ళనే ఉంచుకుంటాడని, అందులో నష్టం లేదని లారా కార్‌స్టెన్‌సెన్ అనే మనస్తత్వవేత్త చాలా ఏళ్ళు పరిశోధించి చెప్పారు. చూడాల్సింది ఒకటే: మీరు రెండు రోజులు రాకపోతే ఇంటికి వచ్చి తలుపు కొట్టేవారు ఆ ముగ్గురిలో ఉన్నారా? లేకపోతే ఆ మాట ఇవాళే అనుకోండి. మే నెలలో బెజవాడ ఎండకు నడక పొద్దున ఏడు లోపలే ముగించండి.

ప్రశ్న: బాధను రాస్తే తగ్గుతుందంటారు. నా చేయి వణుకుతుంది, అక్షరం కుదరదు. ఎలా? (తెనాలి రోడ్డు, గుంటూరు)

జవాబు: ఫోనులో వాయిస్ రికార్డరు వాడండి. ఈ పద్ధతిని జేమ్స్ పెన్నెబేకర్ 1980లలో పరీక్షించారు. రోజుకు 15 నుంచి 20 నిమిషాలు, వరసగా మూడు లేక నాలుగు రోజులు, ఒకే విషయం గురించి, ఎవరికీ చూపించకుండా. ఏం జరిగిందన్నది ఒక్కటే చాలదు, ఏమనిపించిందో కూడా చెప్పాలి. అయ్యాక గంటో రెండు గంటలో మనసు బరువుగా ఉంటుంది, అందుకని పడుకునే ముందు వద్దు, సాయంత్రం నాలుగింటికి పెట్టుకోండి. దెబ్బ తగిలి నెల తిరగకముందే మొదలుపెట్టకండి. మూడో రోజు వచ్చేసరికి మాటల్లో ‘ఎందుకంటే’, ‘ఇప్పుడు తెలుస్తోంది’ లాంటివి రావడం మొదలైతే పని జరుగుతున్నట్టు. మొదటి రోజు మాటలే మూడో రోజూ అక్షరం పొల్లు పోకుండా తిరుగుతుంటే ఆపేసి మనిషితో మాట్లాడండి. రికార్డింగులు చెరిపేసినా నష్టం లేదు. చేయి వణుకు మాత్రం ‘వయసేలే’ అని వదలకండి. చేయి కదలకుండా ఒళ్ళో పెట్టుకున్నప్పుడు వణుకుతోందా, గ్లాసు ఎత్తినప్పుడు వణుకుతోందా చూసుకుని, ఆ సంగతి న్యూరాలజిస్టుకు చెప్పండి. రెండింటికీ వైద్యం వేరు.